రేపటి పాలు ఈరోజే: ఉద్యోగానికి వెళ్తూ చంటిబిడ్డకు తల్లిపాలు కొనసాగించడం ఎలా?

ప్రసూతి సెలవు 26 వారాలని అందరికీ తెలుసు, కానీ ఆ లెక్క బిడ్డ పుట్టిన రోజు నుంచి మొదలు కాదు. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకునే వీలుంది కాబట్టి, నెలలు నిండుతుండగా బస్సు ప్రయాణం చేయలేక ముందుగానే సెలవు పెట్టిన తల్లి తిరిగి ఆఫీసులో సంతకం పెట్టే నాటికి బిడ్డకు నాలుగు నెలలు దాటి కొద్ది రోజులే అవుతుంది. మరోవైపు, ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని, ఆ తర్వాత పైతిండి పెడుతూనే రెండేళ్లు, వీలైతే ఆపైన కూడా పాలివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ రెండు లెక్కలకు నడుమ మిగిలిన వారాల్లోనే మన ఇళ్లలోకి డబ్బా పాలు వస్తాయి.

నేను హనుమకొండలో ఉంటూ జనగామలో ఉద్యోగం చేస్తున్నాను. ఉదయం ఎనిమిదింటికి ఇల్లు విడిస్తే సాయంత్రం ఆరింటికి గాని తిరిగి రాను. పెద్దవాడప్పుడు నెల రోజులు కష్టపడి పాలు పిండి, సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐసు అర నిండా చిన్న చిన్న సంచులు పేర్చాను. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారానికి కరెంటు స్తంభాలు కూలి, మర్నాడు మధ్యాహ్నం దాకా కరెంటు రాలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చి చూసేసరికి ఆ సంచులన్నీ కరిగిన ఐసు నీళ్లలో తేలుతున్నాయి. ఆ నిల్వ ఉంది కదా అన్న ధీమాతో ఆఫీసులో పాలు పిండటం సరిగా పట్టించుకోని నాకు అప్పటికే పాలు తగ్గిపోయాయి. వారం తిరగకుండానే మా ఇంట్లోకీ డబ్బా వచ్చింది. చిన్నదానప్పుడు నిల్వల ఆలోచన మానేసి, ఈరోజు పిండిన పాలు రేపటికి అన్న ఒక్క నియమం పెట్టుకున్నాను. దానికి రెండేళ్లు నిండేదాకా పాలు ఆగలేదు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఆ నియమం మీద నడిచేదే.

ఎండాకాలంలో వాగు ఇసుకలో చెలిమె తవ్వి నీళ్లు తోడిన వారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. తోడిన కొద్దీ నీరు ఊరుతుంది, తోడకుండా వదిలేస్తే నిండి అక్కడే ఆగుతుంది. బిడ్డ చీకినప్పుడు మెదడు నుంచి విడుదలయ్యే ప్రోలాక్టిన్ అనే హార్మోను పాలను తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను వాటిని చేపుకు తెస్తుంది, అంటే బయటికి పారేలా చేస్తుంది. పాలు తీయకుండా రొమ్ము గంటల తరబడి నిండుగా ఉండిపోతే తయారీ దానంతట అదే తగ్గిపోతుంది. కాబట్టి ఆఫీసు వేళల్లో పాలు పిండటమంటే బిడ్డకు రేపటి పాలు సిద్ధం చేయడం ఒక్కటే కాదు, ఊట ఎండకుండా చూసుకోవడం కూడా.

నెల ముందు: కాగితం పని

ఈ పనిని చాలామంది చివరికి వాయిదా వేస్తారు. నా ఉద్దేశంలో ఇదే మొదట చేయాలి, ఎందుకంటే గది దొరుకుతుందో లేదో తెలియకుండా మిగతా ఏర్పాట్లు చేసుకోలేము. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం, తిరిగి పనిలో చేరిన తల్లికి బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలి, అవి మామూలు విశ్రాంతి సమయానికి అదనం. 2017 సవరణతో, 50 మంది గాని అంతకన్నా ఎక్కువ మంది గాని పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని చేర్చారు. ఆ నాలుగులో విశ్రాంతి సమయమూ కలిసే ఉంటుంది. పని స్వభావం అనుమతిస్తే, యాజమాన్యంతో మాట్లాడుకుని సెలవు తర్వాత కొంతకాలం ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు కూడా ఆ సవరణలోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది, ఈ హక్కులు అందులోనూ ఉన్నాయి. 10 మంది గాని అంతకు మించి గాని పనిచేసే ప్రైవేటు బడులు, నర్సింగ్ హోమ్‌లు, బట్టల షాపులు ఈ సెలవు, విరామాలు తమకు వర్తించవని అనుకుంటూ ఉంటాయి, అది పొరపాటు. ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం తమ సర్వీసు నిబంధనలు చూసుకోవాలి.

చేరడానికి నెల ముందు పై అధికారికి ఒక చిన్న దరఖాస్తు రాయండి. హక్కుల గురించి ఉపన్యాసం అక్కర్లేదు. “నా బిడ్డకు ప్రస్తుతం అయిదు నెలలు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు ఉదయం 11 గంటలకు, మధ్యాహ్నం 3:30 గంటలకు పాలిచ్చే తల్లికి చట్టం కల్పించిన విరామాలు వాడుకోదలిచాను. లోపలి నుంచి గడియ వేసుకునే వీలున్న గది ఒకటి ఆ సమయాల్లో కేటాయించగలరని మనవి” అని రాస్తే చాలు. వేళలు స్పష్టంగా ఉన్న దరఖాస్తును పక్కన పెట్టడం కష్టం. నాకు మొదట రికార్డు గది చూపించారు, దానికి గడియ లేదు. పదిహేను రూపాయల గడియ నేనే కొని, అటెండర్‌తో బిగించుకున్నాను. బాత్రూములో పిండుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అన్నం వండటానికి పనికిరాని చోటు బిడ్డ పాలకూ పనికిరాదు.

మూడు వారాల ముందు: చేయి అలవాటు చేసుకోవడం

పంపు కొనాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు చేత్తో పిండటం నేర్చుకోండి, ఎందుకంటే ఆ విద్య వచ్చిన తల్లికి పంపు చెడిపోయినా, ఛార్జింగ్ అయిపోయినా, జనగామ బస్టాండులో రెండు గంటలు ఇరుక్కున్నా భయం ఉండదు.

చేతులు సబ్బుతో కడుక్కుని, వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన స్టీలు గిన్నె దగ్గర పెట్టుకుని, కాస్త ముందుకు వంగి కూర్చోండి. గోరువెచ్చని తడిబట్ట ఒకటి రెండు నిమిషాలు రొమ్ము మీద వేసి, వేళ్లతో మెల్లగా నిమరండి. బొటనవేలును చనుమొనకు పైన, చూపుడు వేలును కింద, నల్లటి వలయం అంచున, అంటే మొనకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ముందుగా రెండు వేళ్లనూ లోపలికి, ఛాతీ వైపు నొక్కండి. ఆ తర్వాత వేళ్లు రెండూ దగ్గరికి వచ్చేలా ఒత్తి, వదిలేయండి. లోపలికి నొక్కడం, ఒత్తడం, వదలడం, అంతే. చర్మం మీద వేళ్లు జారితే మంట పుడుతుంది, మొనను లాగితే నొప్పి తప్ప పాలు రావు. మొదటి ఒకటి రెండు నిమిషాలు చుక్క కూడా పడకపోవచ్చు. చేపుకు వచ్చాక సన్నని ధారలు మొదలవుతాయి. అవి తగ్గిన వెంటనే వేళ్లను కొంచెం పక్కకు జరిపి, అలా రొమ్ము చుట్టూ తిరగాలి. ఒక పక్క అయిదు నిమిషాలు, మరో పక్క అయిదు నిమిషాలు మారుస్తూ మొత్తం ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది.

రోజుకు ఒక్కసారి, ఉదయం బిడ్డ తాగిన అరగంట, గంట తర్వాత మొదలుపెట్టండి, చాలామందికి ఆ వేళ పాలు ఎక్కువగా ఉంటాయి. మొదటి రోజు రెండు చెంచాల పాలే వస్తే కంగారు పడకండి. బిడ్డ అప్పుడే తాగి వెళ్లిన చెలిమె అది. అయిదారు రోజుల్లో 50, 60 మిల్లీలీటర్లకు చేరుతుంది.

దూరం వెళ్లే వారికి, రోజుకు మూడుసార్లు పిండాల్సిన వారికి పంపు సమయం మిగులుస్తుంది. రెండు పక్కలా ఒకేసారి పనిచేసే కరెంటు పంపుతో పావుగంటలో పని అయిపోతుంది. పంపులో రొమ్ముకు ఆనించే గరాటు కొలత మీ మొనకు సరిపోతోందో లేదో చూసి కొనండి, బిగుతుగా ఉన్న గరాటు మొనను రాపిడి పెట్టి పుండు చేస్తుంది.

ఇంట్లో వారికి నేర్పడం

పగలు బిడ్డను ఎవరు చూసుకుంటారో వారే ఈ పనిలో సగం. మా అత్తమ్మ మొదట్లో “పిండి పెట్టిన పాలు పసిపిల్లకు అరుగుతయా బిడ్డా? దిష్టి తాకదా?” అన్నది. నేను వాదించలేదు. గిన్నె ఆమె చేతికే ఇచ్చి, పక్క గదిలోకి వెళ్లి కూర్చున్నాను. తల్లి ఎదురుగా ఉంటే, ఆ వాసనకు బిడ్డ గిన్నె ముట్టదు. అందుకని కూడా ఇంకొకరే పట్టాలి. నాలుగో రోజుకు, పాలు పడుతున్నప్పుడు పిల్ల తల ఎంత ఎత్తున ఉండాలో ఆమే నాకు చెప్పడం మొదలుపెట్టింది.

సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. ఆసుపత్రుల్లో పాలాడై అని ఇచ్చేది కూడా ఇలాంటిదే. సీసా పీక లోపలి మడతలు శుభ్రం చేయడం కష్టం, పైగా దాంట్లోంచి పాలు తేలిగ్గా జారడానికి అలవాటు పడ్డ బిడ్డ సాయంత్రం తల్లి రొమ్ము దగ్గర చిరాకు పడవచ్చు. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తాకేంత మాత్రమే వంచాలి. బిడ్డ తానే చప్పరించుకుంటుంది. నోట్లో పోయకూడదు, పొలమారుతుంది. తల తిప్పుకుంటే ఆపేయాలి.

ఎంత పట్టాలన్నది ఇంట్లో అందరికీ ఉండే సందేహం. తల్లిపాలు మాత్రమే తాగే ఒకటి నుంచి ఆరు నెలల బిడ్డ రోజు మొత్తంలో సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే తల్లి దూరంగా ఉన్న ప్రతి గంటకూ 30 మిల్లీలీటర్లు లెక్క వేసుకుంటే సరిపోతుంది. నేను పది గంటలు ఉండను కాబట్టి మా పిల్లకు 300 మిల్లీలీటర్లు, 60 లేదా 75 చొప్పున నాలుగైదు సార్లు పట్టేవారు. డబ్బా మీద ఉండే పెద్ద కొలతలతో దీన్ని పోల్చి, తల్లిపాలు చాలడం లేదని తీర్మానించకూడదు. ఇంకొక మాట గట్టిగా చెప్పి వెళ్లాలి. ఎండ ఎంత మండినా ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టవద్దు, తల్లిపాలలోనే కావలసినంత నీరుంది. గ్రైప్ వాటర్, తేనె అసలే వద్దు.

నిల్వ: మన ఎండలకు తగిన లెక్క

పిండిన పాలు గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలు ఉంటాయని పుస్తకాల్లో రాసే మాటకు అర్థం, గది 25 డిగ్రీలకు మించకుండా ఉంటే అని. మే నెలలో 42 డిగ్రీలు దాటే వరంగల్‌లో, కూలర్ తిరుగుతున్న గదిని కూడా ఆ లెక్కలో పెట్టలేము. చలికాలం తప్ప మిగతా రోజుల్లో పిండిన వెంటనే చల్లని చోటికి చేర్చడమే మార్గం. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంటాయి. తలుపు అరలో పెట్టకండి. తీసినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే, కాబట్టి లోపల వెనక గోడ పక్కన ఉంచండి. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఐసు అరలో రెండు వారాలకు మించి నమ్మకండి. విడి తలుపు ఉన్న ఫ్రీజర్‌లో అయితే ఆరు నెలల లోపు వాడటం మంచిది. గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లు పెట్టిన కూలర్ బ్యాగులో 24 గంటల దాకా ఉంటాయి, ఆఫీసులో ఫ్రిజ్ లేని వారికి ఇదే ఆధారం. ఆఫీసులో ఫ్రిజ్ ఉన్నా, నేను బ్యాగునే అందులో పెట్టేదాన్ని. టిఫిన్ డబ్బాల మధ్య విడి సీసా ఉంటే, ఎవరో ఒకరు సర్దుతూ బయట పెట్టి మరచిపోతారు.

మూత గట్టిగా పడే గాజు సీసాలు గాని స్టీలు డబ్బాలు గాని వాడండి, ఒక్కోదానిలో ఒక పూట తాగేంతే పోయండి, తేదీ, వేళ రాసిన కాగితం అంటించండి. అప్పుడే పిండిన వెచ్చని పాలను చల్లని పాలలో నేరుగా కలపకుండా, చల్లబడ్డాక కలపాలి. ఫ్రిజ్‌లో పెట్టిన పాల మీద మీగడ తేలి, కింద నీలిగా కనిపిస్తే మా ఇంట్లో విరిగాయని పారబోయబోయారు. అది తల్లిపాల సహజ గుణం, గిన్నెను మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. వేడి చేయాలంటే పొయ్యి మీద గాని మైక్రోవేవ్‌లో గాని పెట్టకూడదు, వేడినీళ్ల గిన్నెలో డబ్బాను కాసేపు ఉంచితే చాలు. గడ్డకట్టిన పాలు కరిగాక ఫ్రిజ్‌లో 24 గంటల్లోపు వాడేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయక తప్పదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవవద్దని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

మొదటి వారం

వీలుంటే సోమవారం కాకుండా గురువారం చేరండి. మూడు రోజులు గడిస్తే ఆదివారం వస్తుంది, తప్పులు సరిదిద్దుకునే తీరిక దొరుకుతుంది. ఇల్లు విడిచే ముందు బిడ్డకు కడుపు నిండా పాలివ్వండి. నేను ఏడున్నరకు ఇచ్చి, పదకొండింటికి ఒకసారి, భోజన విరామంలో ఒకసారి, మూడున్నరకు ఒకసారి పిండేదాన్ని. మూడింటికీ కలిపి దాదాపు 300 వచ్చేవి, అవే మర్నాటికి. నలుగురి గొంతులు వినిపించే చోట, ఫైలు కోసం తలుపు తడతారేమో అన్న బెదురుతో కూర్చుంటే పాలు చేపుకు రావు. ఇది మనసు బలహీనత కాదు, ఆందోళన ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటుంది. బిడ్డ తొడిగి విడిచిన చొక్కా ఒకటి సంచిలో ఉంచుకోండి, ఫోనులో బిడ్డ ఏడుపో కేరింతో రికార్డు చేసి పెట్టుకోండి. నాకు ఫొటోల కన్నా చొక్కా వాసనే పనిచేసింది.

మెత్తటి నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి లోపల పెట్టుకుంటే పాలు కారినా పైకి కనిపించవు. ముద్ర అద్దకం ఉన్న ముదురు రంగు చీరలు, చున్నీలు ఆ నెలల్లో ఆదుకుంటాయి. బస్సులో పాలు కారడం మొదలైతే చేతులు కట్టుకుని మోచేతితో రొమ్ము మీద గట్టిగా అదిమితే కాసేపటికి ఆగుతుంది.

రెండో వారంలో తనిఖీ పని మీద పడి మధ్యాహ్నం ఒకసారి, మూడున్నరకు మరోసారి పిండటం తప్పించాను. ఇంటికి వచ్చేసరికి ఎడమ రొమ్ములో గోలీకాయ అంత గడ్డ, రాత్రికి చలిజ్వరం. ఇలాంటప్పుడు పాలు ఆపకూడదు. ఆ పక్కే బిడ్డకు ఎప్పటిలాగే ఇస్తూ, మధ్యలో చల్లని తడిబట్ట వేస్తూ ఉండాలి. గట్టిగా పిసికి గడ్డ కరిగించాలని చూడటం, పదేపదే ఖాళీ చేయడం వాపును పెంచుతాయి. రోజు గడిచినా జ్వరం తగ్గకపోతే, ఎరుపు వ్యాపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. వరంగల్‌లో చందా కాంతయ్య స్మారక ప్రసూతి ఆసుపత్రి, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. మందులు వాడేటప్పుడు పాలిస్తున్నానని చెప్పండి, చాలా మందులు పాలిచ్చే తల్లికి ఇవ్వదగినవే ఉంటాయి.

ఇంటికి చేరాక

ఎండన పడి వచ్చిన తల్లి పాలు వేడి చేస్తాయని, మొదటి ధార పిండి పారబోయమని పెద్దవాళ్లు అంటారు. పాల వేడి తల్లి ఒంటి వేడే, ఎండకు మారదు. చేతులు, ముఖం కడుక్కుని, చెమట తుడుచుకుని వెంటనే ఇవ్వవచ్చు. పత్తి మార్కెట్లో, బీడీల దగ్గర పనిచేసే తల్లులు మాత్రం దుమ్ము, పొగాకు పొడి అంటిన బట్టలు మార్చుకుని, చేతులు బాగా రుద్ది కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. మీరు బయలుదేరినట్టు ఫోను చేస్తే, ఇంట్లో వాళ్లు ఆ చివరి గంట బిడ్డకు పట్టకుండా ఆగుతారు. నిండిన రొమ్ము, ఆకలిగొన్న బిడ్డ ఒకే వేళకు కలుస్తాయి.

పగలు తక్కువ తాగి రాత్రి ఎక్కువ తాగడం చాలామంది బిడ్డలకు అలవాటవుతుంది. నిద్ర చెడుతుంది, నిజమే. అయితే ప్రోలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, పగటి లోటును పూడ్చేది ఆ రాత్రి పాలే. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్చుకుంటే సగం నిద్రలోనే పని జరుగుతుంది. సెలవు రోజుల్లో గిన్నె, పంపు పక్కన పెట్టి, అడిగినప్పుడల్లా నేరుగా ఇవ్వండి, సోమవారానికి పాలు పుంజుకుంటాయి. తల్లి తిండిలో వెల్లుల్లి కారం, మెంతి కూర, పచ్చి బొప్పాయి కూర ఇష్టమైతే తినండి. పాలు పడటానికి అన్నిటికన్నా ముఖ్యం మాత్రం తరచుగా తీయడమే. దాహమైనప్పుడల్లా నీళ్లు, మామూలు కన్నా ఒక పూట ఎక్కువ తిండి సరిపోతాయి.

ఆరు నెలలు నిండాక మెత్తటి ఉగ్గు, పప్పన్నం మొదలవుతాయి, ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం కూడా ఇస్తారు. పగటి పాలు మెల్లగా తగ్గుతాయి కాబట్టి ఎనిమిది, తొమ్మిది నెలలకు భోజన విరామంలో పిండటం మానేయవచ్చు. ఏడాది దాటాక మరొకటి మానేయండి, కానీ ఒకేసారి రెండూ ఆపితే గడ్డలు కడతాయి. ఒకటి ఆపి, రొమ్ము దానికి అలవాటు పడేదాకా వారం పది రోజులు ఆగి, తర్వాతే రెండోది. నా కూలర్ బ్యాగు ఖాళీ అయ్యేసరికి పిల్లకు పద్నాలుగో నెల వచ్చింది. ఆ తర్వాత పొద్దున, సాయంత్రం, రాత్రి మాత్రమే పాలు, ఆఫీసుకు ఒక్క టిఫిన్ డబ్బానే.